యాయా చేతి నిమ్మకాయ సూపు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గుమ్మంలో ఉన్నవాళ్ళు కూడా లోపలికి రండి, వినేవాళ్ళు గుమ్మంలో నిలబడితే చెప్పేదానికి మనసు నిలవదు. చదువుకునేవాళ్ళయితే నా మోకాలి పక్కనే పీట వేసుకున్నామనుకోండి. నేను చదివింది మూడో తరగతి. నా అక్షరాలు వంకర. కళ్ళతో చూసింది, ముక్కుతో వాసన పట్టింది మాత్రం ఒక్కటీ పోలేదు.

నేను దుబాయ్‌లో వంటపని చేశాను. నిజానికి నేనున్నది అబుదాబీ. మా కోనసీమలో విమానమెక్కి ఎడారి వైపు పోతే అదంతా దుబాయే. రెండువేల రెండులో వెళ్ళాను, రెండువేల ఎనిమిదిలో వచ్చేశాను. వచ్చిన కొత్తలో అందరూ మేడలెంత ఎత్తు, బంగారం ఎంత చవక అని అడిగారు. నా వంటింటి కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప మేడలేమీ కనిపించలేదు. నేను చూసిందల్లా ఒక ముసలామెని. ఆవిడ సంగతి చెబుతాను. చెబుతుంటే నోరు చేదవుతుంది, మధ్యలో మంచినీళ్ళు తాగితే ఏమనుకోకండి.

మా మేడమ్ గ్రీసు దేశపు మనిషి. పెద్ద హోటల్లో ఆఫీసు ఉద్యోగం. ఆవిడ భర్త ఇంగ్లీషు దొర, సముద్రంలో నూనె తీసేచోట పని, నెలలో సగం ఇంట్లో ఉండడు. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మగపిల్లాడు, చిన్నది ఆడపిల్ల, నేను వెళ్ళేసరికి ఇంకా చంకపిల్ల. ఎండాకాలం వస్తే ఆ దేశంలో స్తోమతున్నవాళ్ళంతా చల్లటి చోట్లకి పోతారు. మా మేడమ్‌కి అప్పుడే సెలవు దొరకదు. పిల్లలకేమో బడి ఉండదు, బయటికి పంపితే మాడిపోతారు. అందుకని ప్రతి ఎండాకాలం వాళ్ళమ్మకి టికెట్ పంపి రప్పించేది. అత్తగారు కాదు సుమండీ. కన్నతల్లి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి ఆవిడ వచ్చిన రోజు కారులోంచి పెట్టెలు దించుతూ డ్రైవరు ఆయాసపడ్డాడు. అతను మన రాయచోటి తురకల అబ్బాయి, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. ఆ ఇంట్లో తెలుగు వినాలంటే అతనొక్కడే దిక్కు.

"ఏందక్కా ఇది, బట్టలు తెచ్చినాదా బండలు తెచ్చినాదా?"

పెట్టె విప్పితే బట్టలు రెండు జతలు. అవీ నల్లవే, మొగుడు పోయినప్పటి నుంచి నలుపు తప్ప కట్టదట. మిగతాదంతా తిండి. డబ్బాడు ఆలివ్ నూనె, ఉప్పునీళ్ళలో మునిగిన తెల్ల చీజు, సీసాల్లో ద్రాక్షాకులు, వాము వాసన వచ్చే ఎండు కొమ్మలు కట్టలు కట్టలు.

"నీ పని ఖలాస్ అక్కా," అన్నాడు. "ముసలామె వంటకొచ్చినాది. నిన్ను బోకులు తోమడానికి పెడతాది."

"తోమితే తోముతాను లేరా. నీకులాగా ఎండలో స్టీరింగు పట్టుకోవాలా ఏటి?"

పైకి అలా అన్నాను గానీ నాకూ భయంగానే ఉంది. ఒక పొయ్యి, ఇద్దరు ఆడవాళ్ళు. ఆవిడ లోపలికొచ్చి ముందు నా కత్తి తీసుకుంది. వేలితో అంచు చూసింది. పెదవి విరిచింది. పింగాణీ కప్పు తిరగేసి దాని అడుగున ఆ కత్తిని నూరడం మొదలుపెట్టింది. నేను నవ్వేశాను. మా అమ్మా అలాగే నూరేది, నేనూ అలాగే నూరతాను, మేడమ్ చూస్తే కప్పు పాడవుతుందంటుందని మానేశాను. ఆవిడ నా నవ్వు చూసి కప్పు నా చేతికిచ్చింది. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం ఇంట్లో ఉన్న కత్తులన్నీ నూరేశాం.

మాకు భాష లేదు. ఆవిడకి గ్రీకు, నాకు తెలుగు. మధ్యలో ఆ దేశంలో అందరి నోళ్ళలో నలిగే యల్లా, ఖలాస్ ఉన్నాయి, పద అని, అయిపోయింది అని. పొయ్యి వెలిగించేటప్పుడు యల్లా అనేది, గిన్నె దించేటప్పుడు ఖలాస్ అనేది. పిల్లలు ఆవిడని యాయా అనేవారు, వాళ్ళ భాషలో అమ్మమ్మ. నేనూ అదే పిలిచాను. ఆవిడ నన్ను కోరీ అనేది. కూతురు అని అర్థమని పిల్లాడు చెప్పాడు. మేడమ్ మాటలు, పిల్లల మాటలు నాకు ఏడాదికేడాది బాగా తెలిసొచ్చాయి, వాటిని ఇక్కడ మన మాటల్లోనే చెబుతున్నాను.

ఆవిడ వంట మన వంటకి దూరమని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. టమాటాలు డొల్ల చేసి, లోపల బియ్యం, ఉల్లిపాయ, పుదీనా కూరి, టమాటా మూతే మళ్ళీ పెట్టి, నూనెలో ఓవెన్లో మగ్గించేది. గుత్తివంకాయ కూరే కదా అనిపించింది. బెండకాయలు మాత్రం నాకు కొత్త నేర్పింది. తొడిమ చుట్టూ పెన్సిలు చెక్కినట్టు చెక్కి, వెనిగరు చల్లి ఎండలో పెట్టేది, జిగురు చచ్చిపోతుందట. ఉప్పు చూడాలంటే గరిటెతో చుక్క ముంజేతి మీద వేసుకుని నాలుకతో అద్దేది, గరిటె ఎంగిలి కానిచ్చేది కాదు. కొలతలంటారా, కన్నే కొలత. పిండి ఎంత అని సైగ చేస్తే, పిసుకుతున్న ముద్ద చూపించి భుజాలెగరేసేది. అది ఎంత తీసుకుంటే అంత.

కాంపౌండులో ఖర్జూరపు చెట్ల కింద నీళ్ళ గొట్టాల దగ్గర గంగవావిలి కూర మొలిచేది. పఠాను తోటమాలి అది కలుపు అని పీకి పడేసేవాడు. నేను వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని చూసి ఉసూరుమనేదాన్ని, తెంపితే ఎవరేమంటారో అని తెంపలేదు. యాయా ఒకరోజు పొద్దున్నే ప్లాస్టిక్ సంచి పట్టుకుని ఆ చెట్ల కింద వంగింది. నేను వెనకాలే వెళ్ళాను. ఆవిడకీ అది కూరేనట. వాళ్ళు పచ్చిదే చీజుతో తింటారు, మనం పప్పులో వేస్తాం. ఆ పూట రెండు రకాలూ చేసుకున్నాం. ఆవిడ నా పప్పు రెండుసార్లు అడిగి వడ్డించుకుంది.

సాయంత్రం మేడమ్ వచ్చి మొహం ఎర్రగా చేసుకుంది. పక్క విల్లా ఆవిడ ఫోను చేసిందట, మీ అమ్మగారు చెత్త ఏరుకుంటున్నారు, ఒంట్లో బాగానే ఉందా అని.

తల్లీ కూతుళ్ళు వాళ్ళ భాషలో అరుచుకున్నారు. భాష తెలియకపోయినా కూతురు తల్లిని చూసి సిగ్గుపడుతోందని తెలుస్తుంది. దానికి అనువాదం అక్కర్లేదు.

ఇక సూపు సంగతి. ఈ కథంతా దాని మీదే నడుస్తుంది.

కోడిని ఉడకబెట్టి, ఆ నీళ్ళలో కాసిని బియ్యం వేసి ఉడికిస్తారు. గుడ్లు నురగొచ్చేదాకా గిలకొట్టి, నిమ్మరసం కలుపుతారు. ఆ గుడ్లలోకి మరుగుతున్న కోడి నీళ్ళు గరిటెతో కొద్దికొద్దిగా పోసి, ఆ మొత్తాన్ని మళ్ళీ గిన్నెలోకి వంచాలి. తొందరపడితే గుడ్డు విరిగి తరకలు కడుతుంది. యాయా ఒక చేత్తో గిలకొడుతూ, ఇంకో చేత్తో పోస్తూ, పెదాలు ముడిచి ముద్దులు పెట్టేది. గిన్నెకి కాదు, గాలికి. ముచ్, ముచ్, ముచ్. పోసినంతసేపూ ఆపేది కాదు. మనం లేగదూడని దగ్గరికి పిలుస్తామే, అచ్చం అదే చప్పుడు. మొదటిసారి విని నేను నవ్వు ఆపుకోలేక సింకు వైపు తిరిగాను. ఆవిడ గరిటె నా వైపు చూపించి, నవ్వకు, విరుగుతుంది అన్నట్టు తల ఊపింది. వాళ్ళమ్మా, వాళ్ళ అమ్మమ్మా అలాగే చేసేవారట. ముద్దు పెట్టకుండా పోస్తే గుడ్డు అలుగుతుందని వాళ్ళ ఊళ్ళో నమ్మకం. ఆ చప్పుడు వినగానే పిల్లలిద్దరూ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి వాళ్ళూ మొదలుపెట్టేవారు. వంటింటినిండా ముద్దులే.

తర్వాతి ఎండాకాలం ఇంకోటి జరిగింది. ఈ దేశంలో ఎండ తప్ప ఏమీ బాగాలేదని యాయా అనేది. ఆ ఎండని వదులుకోకూడదని పులిసిన పాలల్లో గోధుమరవ్వ ఉడికించి, ఉండలు చేసి, దుప్పట్లు పరిచి మేడ మీద ఆరబెట్టింది. చలికాలం పిల్లలకి జావ కాచడానికి. వడియాలు పెట్టిన చేతులు కదా నావి, నేను చూస్తూ ఊరుకుంటానా? ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని మేడంతా నింపేశాం. సాయంత్రం పలచటి గుడ్డ కప్పి కిందికొచ్చాం. వాళ్ళ కొండ ఊళ్ళో రాత్రిళ్ళు పొడిగా ఉంటాయి, ఆవిడ అది తలచుకుంది. మా ఇంటి డాబా మీద గుడ్డ కప్పితే చాలు, నేను అది తలచుకున్నాను. ఇద్దరికీ ఎండ తెలుసు, ఆ సముద్రం ఒడ్డున రాత్రి పట్టే తడి ఇద్దరికీ తెలియదు. తెల్లారి వెళ్ళేసరికి మేడ గోడల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. వాన కాదు, గాలిలోని తడే. ఉండలన్నీ ముద్దయి పుల్లటి కంపు. ఆ కంపు పక్క విల్లాకి ముందే చేరిందట. వాచ్‌మన్ వచ్చాడు. మేడమ్ మేడ తలుపుకి తాళం వేసి తాళంచెవి తన సంచిలో వేసుకుంది.

యాయా ఆ దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి కూతురి మంచం మీద పెట్టింది.

ఆ తర్వాత మేడమ్ నాతో ఒకరోజు మెత్తగా మాట్లాడింది. "అమ్మ చేసేవన్నీ జాగ్రత్తగా చూసి నేర్చుకో. పిల్లలకి ఏడాదంతా పెట్టచ్చు. నీ చెయ్యి మంచిది."

నేను పొంగిపోయాను. డ్రైవరుతో గొప్పగా చెప్పాను. అతను టీ గ్లాసు పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఏం అక్కా, గోదారి నీళ్ళు తాగినోళ్ళు తెలివైనోళ్ళంటారే. నువ్వన్నీ నేర్చుకుంటే ముసలామెతో పనేముంది? యాల పిలుస్తాది?"

"కన్నతల్లిని వంటకోసమా పిలిచేది? ఊరుకో."

"మరి ఇంకేటికి పిలుస్తాండాది? నువ్వే చెప్పు."

నేను అతని టీ గ్లాసు తీసుకుని సింకు వైపు పోయాను.

నాకు అప్పుడు తెలిసిన సంగతి యాయాకి ముందే తెలుసు. ఆ ఎండాకాలం ఆవిడ నాకు అన్నీ నేర్పింది. ద్రాక్షాకు చుట్టడం, పల్చటి పిండి పొరల మధ్య ఆకుకూర పెట్టి కాల్చడం, ఆక్టోపస్‌ని సింకులో వేసి బాదడం, అన్నీ. సూపు చేసే రోజు మాత్రం గుడ్లు పగలగొట్టేసరికి నన్ను భుజం పట్టుకుని బయటికి పంపి తలుపు వేసేది. తలుపు అవతల నుంచి ఆ ముద్దుల చప్పుడు వినిపించేది. మొదటి ఏడు నేను పక్కనే నిలబడి చూశానని ఆవిడకి తెలియదా? తెలుసు. అయినా వేసేది. ఆ తలుపు నాకోసం కాదు, కూతురు చూడటానికి.

ఒక మధ్యాహ్నం మేడమ్ వంటింట్లోకొచ్చింది. యాయా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"సూపు కూడా వచ్చేసిందా నీకు?" అని నన్నడిగింది మేడమ్.

యాయా చేతిలో కత్తి ఆగింది. తల ఎత్తలేదు. నా చెవుల్లో డ్రైవరు మాట మోగుతోంది.

"రాదు మేడమ్. చేసి చూశాను. గుడ్డు విరిగిపోతోంది."

మేడమ్ ఆ మాట తల్లికి చెప్పింది. యాయా ఏదో అంది, మేడమ్ నవ్వింది. "అది రావాలంటే పిల్లల్ని కని, వాళ్ళ పిల్లల్ని పెంచాలట. నీకు ఇంకా చాలా టైముందట."

కత్తి మళ్ళీ కదిలింది. ఆ పూట కోడి కాలేయం ముక్క, ఎప్పుడూ పిల్లాడికి పెట్టేది, నా పళ్ళెంలో ఉంది. పిల్లాడు అడిగితే యాయా వాడి నెత్తిమీద గరిటెతో ఒకటి వేసింది.

ఆ అబద్ధం మీద ఆవిడ రెండు ఎండాకాలాలు వచ్చి వెళ్ళింది. రెండోసారి రావడానికి ముందు మేడమ్ దొరతో అనడం విన్నాను, ఈసారి వద్దనుకున్నాను గానీ పిల్లలు సూపు సూపు అని గొడవ చేస్తున్నారని. అంటే ఒక తల్లి కూతురింటికి రావడానికి మిగిలిన దారి ఆ ఒక్క గిన్నె. దానికి కాపలా నేను.

అప్పుడు చలికాలం వచ్చింది. రెండువేల ఆరు పోయి ఏడు వస్తున్న రోజులు. ఆడపిల్లకి జ్వరం పట్టుకుంది. డాక్టరు మందులిచ్చాడు, తిండి తినిపించండి అన్నాడు. పిల్ల నోరు తెరవదు. రొట్టె వద్దు, పాలు వద్దు. యాయా సూపు కావాలి. మేడమ్ పాకెట్ సూపు కలిపి పట్టింది, కక్కేసింది. అప్పుడు వాళ్ళమ్మకి ఫోను చేసి ఎలా చెయ్యాలో చెప్పు అంది. యాయా ఏం చెప్పిందో గానీ, ఫోనులోంచి ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. పిల్లాడు నాకు చెప్పాడు. "టికెట్ పంపు, నేనొస్తాను అంటోంది యాయా."

"ఇప్పుడెలా కుదురుతుందమ్మా," అని మేడమ్ ఫోను పెట్టేసి తనే పొయ్యి దగ్గర నిలబడింది. ఆఫీసు బట్టల్లోనే గుడ్లు కొట్టి, మరిగే నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించింది. తరకలు తరకలుగా విరిగింది. సింకులో పారబోసి ఆఫీసుకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల సోఫాలో పడుకుని నా కొంగు పట్టుకుంది. ఆ దేశంలో నేను కట్టేది గౌను, పైన చున్నీ, ఆ చున్నీ కొసే దానికి కొంగు. పెదాలు ఎండి పగిలాయి. కళ్ళు పీక్కుపోయాయి. అది నా చంకలో పెరిగిన పిల్ల. చేతిలో విద్య పెట్టుకుని, ముసలామె టికెట్ కోసం దాన్ని ఆకలితో పడుకోబెట్టనా? మీరే చెప్పండి. నేను ఎన్ని రకాలుగా తలచుకున్నా చేసిందే చేస్తాను.

కోడిని పొయ్యి మీద పెట్టాను. గుడ్లు గిలకొట్టాను. నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టేసరికి పెదాలు వాటంతటవే ముడుచుకున్నాయి. ముచ్, ముచ్. హాల్లోంచి సన్నగా ఇంకో చప్పుడు వచ్చింది. పిల్ల పడుకునే ముద్దులు పెడుతోంది. గిన్నెలోకి వంచాను. విరగలేదు. తేనె రంగులో నున్నగా నిలిచింది.

వెనక్కి తిరిగితే మేడమ్ తలుపులో ఉంది. పిల్ల కోసం ఆఫీసు నుంచి ముందే వచ్చింది, చెప్పులు చేతిలో పట్టుకుని. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"నీకు వచ్చన్నమాట," అంది.

నేను సూపు చిన్న గిన్నెలో పోశాను. పిల్లకి తీసుకెళ్ళి పట్టాను. గిన్నె ఖాళీ చేసి, ఇంకా అడిగింది. మేడమ్ పక్కన కూర్చుని పిల్ల జుట్టు సవరించింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. నిజంగానే చెప్పింది, అబద్ధమెందుకు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు ఇంత చేదుగా ఉండకపోను.

డ్రైవరు ఆ సాయంత్రం బనియాస్ బజారు నుంచి కూరగాయలు తెచ్చి బల్లమీద పెట్టాడు. సంగతి చెప్పాను.

"ఖలాస్. ముసలామె టికెట్ నువ్వే చించేసినావు అక్కా."

"నీ బిడ్డయితే ఏం చేసేవాడివిరా?"

అతని బిడ్డ రాయచోటిలో పుట్టింది, ఇంకా చూడలేదు. సంచిలోంచి టమాటాలు ఒక్కొక్కటే తీసి పెట్టాడు.

"నీ మాదిరే చేసుందును," అన్నాడు. "అదే కదా ఖర్మ."

ఆ ఎండాకాలం టికెట్ పోలేదు. మేడమ్ ఫోనులో చెప్పడం విన్నాను, ఇక్కడ వేడి మరీ ఎక్కువైపోయింది, నీకు బీపీ, డాక్టరు వద్దంటాడు, వచ్చే ఏడాది మేమే వస్తాం అని. వేడి ఎప్పుడు తక్కువగా ఉంది ఆ దేశంలో?

నాకు మాత్రం చేతినిండా పని. టమాటాలు డొల్ల చేశాను, ద్రాక్షాకులు చుట్టాను, ఇప్పుడు ద్రాక్షాకులు షాపు సీసాల్లోంచి వచ్చేవి. వారం వారం సూపు. పిల్లలు తినేటప్పుడు నేను వాళ్ళ మొహాలు చూస్తూ నిలబడేదాన్ని. ఏదో తక్కువైందని ఒక్కరైనా అంటారేమో అని. పిల్లలు పిల్లలే. ఆకలేస్తే తింటారు, బాగుంటే ఇంకా అడుగుతారు.

ఒక శుక్రవారం యాయా ఫోను చేసింది. ఆడపిల్ల గట్టిగా చెబుతోంది. "యాయా, నువ్వు లేకపోయినా ఏం ఫర్వాలేదు. ఈమె అచ్చం నీలాగే చేస్తుంది. ముద్దులు కూడా పెడుతుంది."

పిల్ల ఫోను చెవి దగ్గర నుంచి తీసి చూసుకుంది, తర్వాత నా చేతిలో పెట్టింది. "నిన్ను ఇమ్మంటోంది."

"యాయా," అన్నాను. అంతకంటే నాకు మాటలేం వచ్చు?

ఆవిడ ఊపిరి వినిపించింది. పొయ్యి దగ్గర వంగి లేచేటప్పుడు తీసేదే ఆ ఊపిరి.

"కోరీ," అంది. తర్వాత, "ఖలాస్," అంది.

గిన్నె దించేటప్పుడు అనేదే. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని.

తర్వాతి చలికాలంలో ఆవిడ పోయింది. వంటింట్లోనే పడిపోయిందట, పక్కింటివాళ్ళు మర్నాడు చూశారట. మేడమ్ ఒక్కతే వెళ్ళి ఒక్కతే వచ్చింది. నల్లబట్టలు కట్టుకుని వచ్చింది. ఆ బట్టల్లో వాళ్ళమ్మ పోలిక మొదటిసారి కనిపించింది నాకు.

వాళ్ళలో నలభయ్యో రోజున పోయినవాళ్ళ పేర గోధుమలు ఉడికించి, బాదం, దానిమ్మ గింజలు కలిపి, పైన చక్కెర పొడి మందంగా పరిచి, దాని మీద సిలువ దిద్ది చర్చికి, అదే వాళ్ళ గుడికి తీసుకెళతారు. వచ్చినవాళ్ళందరికీ దోసెడు పంచుతారు. మేడమ్ డ్రైవరు చేత గోధుమలు తెప్పించింది. సంచి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

"ఇది ఎలా చెయ్యాలో అమ్మ నీకు చూపించింది కదా?"

"లేదు మేడమ్."

"అన్నీ చూపించిందిగా."

"మీరు నేర్చుకోమన్నవన్నీ చూపించింది. ఆవిడ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ పోలేదు మేడమ్, ఇది వండలేదు."

మేడమ్ గోధుమల్లోకి చెయ్యి పెట్టి తీసింది. మళ్ళీ పెట్టింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న పేర, తాతల పేర ఇది ఎన్నిసార్లు తినుంటుందో. ఒక్కసారీ పొయ్యి దగ్గరికి వెళ్ళి చూడలేదు. నేర్చుకోవడానికి నన్ను పెట్టింది. నన్ను పెట్టని చోట ఎవరూ లేరు.

ఇద్దరం కలిసే ఉడికించాం. ఉడికినట్టే ఉంది. వడకట్టి, పళ్ళెంలో గోపురంలా పేర్చి, చక్కెర పరిచి, మేడమ్ తన చేత్తో బాదం పప్పులు గుచ్చి సిలువ పెట్టింది. తెల్లగా, అందంగా ఉంది. కారులో నా ఒళ్ళో పెట్టుకున్నాను. సగం దారిలోనే చక్కెర బూడిదరంగుకి తిరిగింది. గుడి చేరేసరికి కరిగి పళ్ళెం అంచుల్లోకి పాకం కారుతోంది. బాదం పప్పులు ఒక్కొక్కటే లోపలికి దిగిపోయాయి. సిలువ లేదు.

గుడి దగ్గర వాళ్ళ దేశపు పెద్దావిడ ఒకరు గుడ్డ ఎత్తి చూసింది. మళ్ళీ కప్పింది. మేడమ్ చెయ్యి నిమిరి ఏదో చెప్పింది. తిరిగి వస్తుంటే కారులో మేడమ్ కిటికీ వైపు మొహం పెట్టుకుని ఆ మాట నాకు చెప్పింది.

"ఉడికాక రాత్రంతా దుప్పటి మీద పరిచి ఆరబెట్టాలట. తడి ఉంటే చక్కెర నిలవదట."

దుప్పటి మీద. నాకు మేడ గుర్తొచ్చింది, తాళం గుర్తొచ్చింది. ఆవిడకి గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు. డ్రైవరు అద్దంలోంచి నా వైపు ఒకసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక పిల్లలు ఆ గోధుమల ముద్ద ముట్టలేదు. మేడమ్ ఒక చెంచా తిని, పళ్ళెం నా వైపు తోసి, "సూపు చెయ్యి, పిల్లలకి ఆకలేస్తోంది," అంది.

చేశాను. ఆరోజు పెదాలు ముడవలేదు. చప్పుడు చెయ్యకుండా పోశాను. విరుగుతుందనుకున్నాను. విరగాలని కూడా అనుకున్నాను. విరగలేదు. ఎప్పటిలాగే నున్నగా వచ్చింది, పిల్లలు ఎప్పటిలాగే తిన్నారు, ముద్దుల చప్పుడు ఏదీ అని ఎవరూ అడగలేదు. ఆ ఏడాదే పని మానుకుని వచ్చేశాను.

ఇంతే. నోరు చేదయింది, ఆ మంచినీళ్ళ గ్లాసు ఇలా ఇవ్వండి.

విన్నవాళ్ళ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి పక్కన పెద్దవాళ్ళ పీట ఎప్పుడూ ఖాళీ పడకూడదు. మీ డాబా తలుపుకి తాళం పడకూడదు. జ్వరం పడి లేచిన బిడ్డ ఏది అడిగితే అది వండే చెయ్యి మీ ఇంట్లోనే ఉండాలి, ఆ చేతికి వండడం కోసం కాక, ఊరికే కూడా పిలుపు రావాలి.